రెండో ఇంటి వడ్డీ ఎవరి పద్దు?

విశాఖ ద్వారకా నగర్ వీధుల్లో కోచింగ్ సెంటర్ల బోర్డుల మధ్య ఆడిటర్ల బోర్డులూ వరసగా కనబడతాయి. రిటర్నుల కాలం వస్తే ఆ మేడమెట్ల పైన నడిచే వాదనల్లో ఒకదాన్ని ఇక్కడ ఇద్దరి నోట పెడుతున్నాను. మనుషులిద్దరూ కల్పితులే, చట్టమూ లెక్కలూ మాత్రం కావు. ఒకాయన ఆడిటరు. ఇంకొకాయన ఉక్కు కర్మాగారంలో ఇంజినీరు, ఆడిటరుకి బావమరిది. కాపురం ఉక్కునగరం క్వార్టర్లో. కూర్మన్నపాలెంలో అప్పు తీరిపోయిన ఫ్లాటు ఒకటుంది. భీమిలి రోడ్డులో ఈమధ్యే బ్యాంకు అప్పుతో రెండోది కొన్నాడు. నా మొగ్గు ఆడిటరు వైపే. అలాగని బావమరిది నోరు కట్టెయ్యలేదు.

ఇంజినీరు: బావగారూ, నా బాధ ఒక్కటే. మా పిన్నికొడుకు డల్లాస్‌లో ఉన్నాడు కదా, వాడికి అక్కడ సొంతిల్లు ఉంది. అది చాలక అప్పు చేసి క్యాంపర్ వ్యాను కొన్నాడు. అందులో పడక, పొయ్యి, టాయిలెట్టు ఉన్నాయి కాబట్టి చట్టప్రకారం అది రెండో ఇల్లేనట. దాని వడ్డీని ఆదాయంలోంచి తీసేసుకోవచ్చట. చక్రాల మీద తిరిగే బండికి ఇంత మర్యాద! నేనేమో పునాది ఉన్న ఇల్లు, రిజిస్ట్రేషన్ ఆఫీసులో స్టాంపు డ్యూటీ కట్టి మరీ కొన్నాను. 50 లక్షల అప్పు, 8.5 శాతం వడ్డీ. తొలి ఏడాది వడ్డీయే దగ్గర దగ్గర 4,25,000 రూపాయలు. మీరు 2 లక్షలకి మించి తియ్యలేమంటారు. కొత్త పన్ను విధానంలోకి వెళ్తే ఆ రెండు లక్షలూ కూడా పోతాయంటారు. ఇదెక్కడి న్యాయం?

ఆడిటరు: మీవాడు చెప్పింది నిజమే. అమెరికా చట్టంలో ఉంటున్న ఇంటితో పాటు మరొక్కదాన్ని రెండో ఇల్లుగా ఎంచుకోవచ్చు. ట్రైలరైనా, పడవైనా సరే. పడుకోడానికీ, వండుకోడానికీ, కాలకృత్యాలకీ ఏర్పాటుండాలి, అప్పు దాని తాకట్టు మీదే ఉండాలి. అద్దెకి ఇవ్వనంతకాలం ఏడాదిలో ఒక్క రాత్రైనా అందులో పడుకున్నావా అని అడగరు. అద్దెకి తిప్పితే మాత్రం 14 రోజులు, లేదా అద్దెకిచ్చిన రోజుల్లో పదో వంతు, ఏది ఎక్కువైతే దానికి మించి సొంతానికి వాడుకోవాలి. 2017 డిసెంబరు 15 తర్వాత చేసిన అప్పులైతే రెండిళ్లకీ కలిపి 7,50,000 డాలర్ల అసలు వరకే వడ్డీ చెల్లుతుంది. ఇన్ని షరతులు పెట్టారు గానీ, ఆ బండి వల్ల ఏదైనా ఆదాయం వచ్చిందా, దాని మీద పన్ను కట్టావా అన్న ప్రశ్న ఒక్కచోటా లేదు. ఎందుకు లేదో తెలియాలంటే వెనక్కి వెళ్లాలి. 1986 దాకా అక్కడ సొంత ఖర్చులకి చేసిన అప్పు వడ్డీ కూడా ఆదాయంలోంచి తీసేసేవారు, క్రెడిట్ కార్డు బాకీతో సహా. ఆ ఏడు వచ్చిన పన్ను సంస్కరణ మిగతావన్నీ కత్తిరించింది, ఇంటి అప్పునీ రెండో ఇంటి అప్పునీ మాత్రం ముట్టుకోలేదు. ఇళ్ల యజమానులతో తగువు పెట్టుకునే ధైర్యం ఏ చట్టసభకుంటుంది? ఆ మినహాయింపు గొడుగు కిందకే క్యాంపరు కూడా దూరింది. టాయిలెట్టు పెడితే ఇల్లు, తీసేస్తే బండి. ఈమధ్య ఆ తేడా కూడా చెరిపేస్తున్నారనుకో. అమెరికాలోనే తయారైన కొత్త కారుకి చేసిన అప్పు మీద వడ్డీ ఏడాదికి 10,000 డాలర్ల వరకూ తీసుకోవచ్చని 2025 నుంచి 2028 దాకా చట్టం చేశారు. ఇక మీవాడికి నిజంగా లాభమెంతో కూడా చూడు. 2025కి భార్యాభర్తల ఉమ్మడి రిటర్నులో ఏ రుజువూ లేకుండా దొరికే తగ్గింపే 31,500 డాలర్లు. విడివిడిగా చూపించే ఖర్చులు అంతకి మించితేనే వ్యాను వడ్డీ పనికొస్తుంది. అక్కడ పదిమందిలో దాదాపు తొమ్మిదిమంది ఆ లెక్క జోలికే పోవడం లేదు. నువ్వు అసూయపడుతున్న సదుపాయం మీవాడి రిటర్నులో చేరిందో లేదో ముందు వాణ్ణే అడుగు.

ఇంజినీరు: వాడి సంగతి వదిలెయ్యండి. ఇక్కడ నేనో క్యాంపరు కొని అరకు, లంబసింగి తిరిగితే?

ఆడిటరు: పైసా రాదు. 1961 చట్టంలో ఇంటి ఆదాయం మొదలయ్యేదే 22వ సెక్షన్‌తో. భవనం గానీ, దాన్ని ఆనుకున్న స్థలం గానీ ఉండాలి. క్యాంపరు రవాణా శాఖ దగ్గర రిజిస్టరయ్యే మోటారు వాహనం. లోపల ఎంత మంచి పరుపు పరిచినా భవనం కాలేదు. బండి అప్పు వడ్డీని మన చట్టం కనికరించింది ఒక్క ఎలక్ట్రిక్ వాహనం విషయంలోనే. 2019 ఏప్రిల్ నుంచి 2023 మార్చి లోపు మంజూరైన అప్పులకి 80ఈఈబి సెక్షన్ కింద ఏడాదికి లక్షన్నర ఇచ్చారు. అది పొగ తగ్గించడానికి ఇచ్చిన తాయిలం, ఇంటితో దానికి సంబంధం లేదు. కానీ నువ్వు అడిగిన క్యాంపరుకి మన దగ్గరే ఒక అన్న ఉన్నాడు. హైదరాబాదులో షూటింగులకి అద్దెకి తిరిగే కారవాన్. అందులోనూ పడక, ఏసీ, అద్దం, టాయిలెట్టు ఉంటాయి. దాని యజమాని తన అప్పు మీద వడ్డీ మొత్తం వ్యాపార ఖర్చుగా రాసుకుంటాడు, పైగా తరుగుదలా తీసుకుంటాడు. రెండు లక్షల హద్దులాంటిదేదీ ఆయనకి లేదు. ఎందుకంటే నిర్మాత ఇచ్చే రోజు బాడుగ అంతా ఆయన ఆదాయంలో చేరుతోంది, సర్కారు దాని మీద పన్ను వసూలు చేస్తోంది. ఆదాయంలో వాటా అడిగే సర్కారు, ఆ ఆదాయం కోసం పెట్టిన ఖర్చు కాదనకూడదు. వడ్డీ తగ్గింపుకి నాకు తెలిసిన న్యాయమైన ఆధారం ఇదొక్కటే. అదే కారవాన్‌లో కుటుంబంతో అరకు వెళ్తే ఆ వడ్డీ విహారయాత్ర ఖర్చు అవుతుంది. నీ భీమిలి ఫ్లాటు కూడా ఈ రెండిట్లో ఏదో ఒక గట్టున ఉండాలి గానీ, రెండు గట్ల మీదా కాళ్లు పెడతానంటే కుదరదు.

ఇంజినీరు: సొంతిల్లూ విహారయాత్రా ఒకటేనా? నేను ఆ ఇంట్లో ఉంటే ఎవరికీ అద్దె కట్టనక్కర్లేదు. ఆ మిగులే నా ఆదాయం. పక్క ఫ్లాటు వాడు అద్దెకిచ్చి మొత్తం వడ్డీ తీసుకుంటుంటే, అదే బ్యాంకుకి అదే వడ్డీ కట్టే నన్ను వేరుగా చూడ్డం దేనికి?

ఆడిటరు: నీ వాదనలో బలమైన మాట ఇదే, ఇక్కడ కాస్త ఆగాలి. సొంతింట్లో ఉండటం వల్ల మిగిలే అద్దె నిజమైన లాభమే. 1961 చట్టం మొదట్లో సొంతానికి ఉంచుకున్న ఇంటికి కూడా కొంత ఊహా అద్దె లెక్కగట్టి ఆదాయంలో కలిపేది. తర్వాత దాన్ని సున్నా చేశారు. రెండో ఇంటికైతే 2019 దాకా పాత పద్ధతే నడిచింది. ఒక ఇంటిని సొంతానికని చెప్పుకోవచ్చు, ఇంకోటి తాళం వేసి ఉన్నా అద్దెకిచ్చినట్టే లెక్క. రాని అద్దె మీద పన్ను వేసేవారు, బదులుగా ఆ ఇంటి వడ్డీని హద్దు లేకుండా ఒప్పుకునేవారు. జనం తిట్టుకున్నారు గానీ, ఆ లెక్కలో ఒక నిజాయితీ ఉంది. 2019 మధ్యంతర బడ్జెట్టులో పీయూష్ గోయల్ రెండో ఇంటి ఊహా అద్దెని కూడా ఎత్తేశారు. 2025 బడ్జెట్టులో నిర్మలా సీతారామన్ ఆ రెండిళ్లలో ఎందుకు ఉండటం లేదో కారణం చూపక్కర్లేదన్నారు. అంటే నీ కూర్మన్నపాలెం ఇల్లూ సున్నా, భీమిలి ఇల్లూ సున్నా. ఆదాయం సున్నా అని నువ్వే చెప్పి, ఆ సున్నాలోంచి 4,25,000 తీసెయ్యమంటున్నావు. సున్నాలోంచి తీస్తే వచ్చే నష్టాన్ని ఎక్కడ సర్దాలి? నీ జీతంలో. నువ్వు ప్లాంటులో షిఫ్టు చేసి సంపాదించిన జీతానికీ భీమిలి బాల్కనీకీ ఏం సంబంధం?

స్విట్జర్లాండ్‌లో ఊహా అద్దె మీద పన్ను ఎన్నో దశాబ్దాలు నడిచింది, దానికి జతగా వడ్డీ తగ్గింపూ నడిచింది. దాన్ని తీసేద్దామా అని 2025 సెప్టెంబరు 28న ప్రజల్నే ఓటు అడిగితే తీసేద్దామన్నారు. కానీ ఆ సంస్కరణలో ఊహా అద్దెతో పాటు సొంతిళ్ల వడ్డీ తగ్గింపు కూడా చాలావరకు పోతుంది, తొలి ఇల్లు కొనేవాళ్లకి కొన్నేళ్ల పాటు ఇచ్చే చిన్న వెసులుబాటు తప్ప. పన్ను పోతే తగ్గింపూ పోవాలని వాళ్లకి విడమర్చి చెప్పాల్సిన పని పడలేదు. మనం పన్ను తీసేసి తగ్గింపు ఉంచుకున్నాం. ఆ రెండు లక్షల హద్దు నీకు శిక్షలా కనబడుతోంది. నా కంటికి అది లెక్క తప్పిన చోట వేసిన అడ్డుకట్ట.

ఇంజినీరు: మాట బాగుంది. కానీ నా పరిస్థితి చూడండి. కంపెనీ క్వార్టరిచ్చింది కాబట్టి సొంతింట్లో ఉండలేకపోతున్నాను. రిటైరయ్యాక ఎక్కడుండాలి? భూమి ధర అప్పటికి ఎలా ఉంటుందో? భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి ఆ రోడ్డు పొడుగునా ఇప్పటికే రేట్లు ఎలా ఎగిరాయో మీకూ తెలుసు. ముందుచూపుతో కొనుక్కున్నవాణ్ణి విలాసపురుషుణ్ణి చేసేస్తున్నారు మీరు.

ఆడిటరు: రిటైరయ్యాక ఉండటానికి కూర్మన్నపాలెంలో ఒకటుంది. రెండోది ముందుచూపే, ఒప్పుకుంటాను. ముందుచూపుతో బంగారం కొన్నవాడి అప్పు వడ్డీని జీతంలోంచి తీయనివ్వరు. అక్కడ ఎవరూ అన్యాయమనరు. రేట్లు పెరుగుతాయన్న ఆశతో కొన్నానని నువ్వే అన్నావు. ఆ పెరుగుదల అమ్మినరోజు నీకే వస్తుంది, దాన్ని తెచ్చుకోడానికైన వడ్డీలో కొంత ఇవాళ సాటి పన్నుదారులు మొయ్యాలా? ఎంత మోస్తున్నారో లెక్క వెయ్యి. నువ్వు 30 శాతం స్లాబులో ఉన్నావు, సెస్సుతో 31.2 శాతం. 2 లక్షల మీద నీకు మిగిలేది 62,400. మీ ప్లాంటులోనే 20 శాతం స్లాబులో ఉన్నవాడు అదే 2 లక్షల వడ్డీ కడితే అతనికి మిగిలేది 41,600. పన్ను పరిధిలోకే రాని కాంట్రాక్టు కార్మికుడు గాజువాకలో గది కట్టుకోడానికి అప్పు చేస్తే, నీకన్నా ఎక్కువ వడ్డీ కట్టి కూడా ఒక్క రూపాయి పొందడు. జీతం పెరిగేకొద్దీ సాయం పెరిగే పథకాన్ని ఎవరైనా పేదల పేరు మీద అసెంబ్లీలో ప్రవేశపెడితే నువ్వే నవ్వుతావు. పన్ను చట్టంలో దాక్కుంది కాబట్టి నవ్వు రావటం లేదు.

ఇంజినీరు: ఇళ్లు కొంటేనే కదా ఇళ్లు కడతారు? సిమెంటు, ఇనుము, టైల్సు, మేస్త్రీలు, వడ్రంగులు... ఎన్ని చేతులకి పని! మా ప్లాంటు తయారుచేసే కడ్డీలు ఎక్కడికి పోతాయి? వడ్డీ తగ్గింపు తీసేస్తే మొట్టమొదట దెబ్బతినేది విశాఖపట్నమే.

ఆడిటరు: ఇనుము సంగతి ఎత్తావు కాబట్టి సాక్ష్యం చూద్దాం. బ్రిటన్‌లో ఇంటి అప్పు మీద ఇచ్చే పన్ను సాయాన్ని 1990లలో కొద్దికొద్దిగా కోసుకుంటూ వచ్చి 2000 ఏప్రిల్‌లో పూర్తిగా ఎత్తేశారు. ఇంగ్లండులో సొంతిళ్లున్నవాళ్ల శాతం వెంటనే కూలిపోలేదు. అది శిఖరం చేరింది ఆ తర్వాత మూడేళ్లకి. డెన్మార్కులో 1987లో ఎక్కువ ఆదాయంవాళ్లకి ఈ తగ్గింపు విలువ బాగా కోసేశారు. గ్రూబర్, జెన్సెన్, క్లెవెన్ అనే ఆర్థికవేత్తలు అక్కడి ప్రభుత్వ రికార్డులు తవ్వి చూస్తే, సొంతిల్లు కొనేవాళ్ల సంఖ్య మీద దాని ప్రభావం ఏమీ కనబడలేదు. మారింది ఎంత పెద్ద ఇల్లు కొంటున్నారు, ఎంత అప్పు చేస్తున్నారు అన్నదే. అంటే ఆ తగ్గింపు ఇల్లు లేనివాడికి ఇల్లు ఇవ్వలేదు, ఉన్నవాడి ఇంటికి ఇంకో గది జోడించింది. విశాఖ అయితే ఇంకా ఇరుకు. తూర్పున సముద్రం, ఇటు సింహాచలం కొండలు, అటు యారాడ కొండ. మిగిలిన నేలలో పోర్టుకి, నేవీకి, రైల్వేకి, మీ ప్లాంటుకి పోయింది పోగా ఇళ్లకి దొరికేదెంత? సరుకు పెరగని చోట కొనేవాడి చేతిలో ఇంకో 62,400 పెడితే ఫ్లాట్ల సంఖ్య పెరగదు, గజం ధర పెరుగుతుంది. ఆ డబ్బు నీ జేబులో కాసేపు ఆగి బిల్డరు జేబులోకి, అక్కణ్ణుంచి స్థలం అమ్మినవాడి జేబులోకి పోతుంది. మేస్త్రీ కూలి మాత్రం పెరగదు. సముద్రం కనబడే అంతస్తుల్లో రాత్రిపూట ఎన్ని కిటికీల్లో దీపం వెలుగుతోందో బీచ్ రోడ్డు మీద నుంచి చూస్తే చాలు, ఈ సాయం ఎవరికి నీడనిస్తోందో తెలుస్తుంది.

ఇంజినీరు: అంటే అద్దెకిచ్చెయ్యమంటారు.

ఆడిటరు: ఇస్తే నేను నోరు మూసుకుంటాను. నెలకి 15,000 వస్తుందనుకో. ఏడాదికి 1,80,000. అందులో నగరపాలక సంస్థ జీవీఎంసీకి కట్టే ఇంటిపన్ను 6,000 పోతే 1,74,000. మరమ్మతులకని 30 శాతం, అంటే 52,200, రసీదు అడక్కుండా తీసేస్తారు. మిగిలింది 1,21,800. దాన్లోంచి 4,25,000 వడ్డీ మొత్తం తీస్తే నష్టం 3,03,200. పాత విధానంలో ఇందులో 2 లక్షలు జీతంలోంచి తీసుకోవచ్చు, మిగతా 1,03,200 ఎనిమిదేళ్ల దాకా ముందు ముందు వచ్చే ఇంటి ఆదాయంలో సర్దుకోవచ్చు. కొత్త విధానం ఒక అడుగు ముందుకేసింది. అద్దె మీద పన్ను పడకుండా వడ్డీ కాపాడుతుంది గానీ, నష్టాన్ని జీతం జోలికి రానివ్వదు. నేను చెబుతున్నది అచ్చంగా ఇదే. సొంతానికి ఉంచుకున్న ఇంటి వడ్డీకైతే కొత్త విధానంలో చోటే లేదు. ఏ మంత్రీ వేదికెక్కి ఇది సంస్కరణ అని గొప్ప చెప్పుకోలేదు, మీ సంఘాలు ఏవీ ధర్నా చెయ్యలేదు, పని మాత్రం జరిగిపోయింది.

ఇంజినీరు: ధర్నా చెయ్యకపోవటం ఏమిటి, మాకు పాత విధానం ఎంచుకునే హక్కుంది కదా? దాంట్లో ఉండి 2 లక్షలు తీసుకుంటాను.

ఆడిటరు: ఉంది, ఎంచుకో. ముందు ఈ కాగితం చూడు. నీ జీతం 20 లక్షలనుకుందాం. కొత్త విధానంలో 75,000 తీసేస్తే 19,25,000. 2025-26కి ఉన్న స్లాబుల ప్రకారం పన్ను, సెస్సుతో కలిపి 1,92,400. పాత విధానంలో 50,000, తర్వాత పీఎఫ్, ఎల్ఐసీ లాంటి వాటికి లక్షన్నర, ఆపైన నీ ప్రాణప్రదమైన ఇంటి వడ్డీ 2 లక్షలు తీస్తే మిగిలేది 16 లక్షలు. పన్ను సెస్సుతో 3,04,200. ఆరోగ్య బీమా, పెన్షన్ పథకం అని ఇంకో లక్ష తవ్వి తెచ్చినా 2,73,000. క్వార్టర్లో ఉన్నావు కాబట్టి ఇంటి అద్దె మినహాయింపు నీకు లేదు. ఆ 62,400 కోసం పట్టుబట్టి పాత విధానంలో కూర్చుంటే కనీసం 80,000 ఎక్కువ కడతావు. తగ్గింపులు తీసేసి రేట్లు తగ్గించారు, ఆ లాభం నీకూ అందింది. అది అందుకుంటూనే పాత తగ్గింపూ కావాలనటం కక్కుర్తి కాదా?

ఇంజినీరు: సరే, రెండో ఇంటి విషయంలో నన్ను ఓడించారనే అనుకోండి. తొలి ఇల్లు కొనే కుర్రాడి మాటేమిటి? మీ సూత్రం వాడికీ వర్తిస్తుంది కదా. 2014లో అరుణ్ జైట్లీ లక్షన్నరని 2 లక్షలు చేశారు. ఇళ్ల ధరలు ఎక్కడికో పోయాయి, ఆ అంకె కదల్లేదు. ఇప్పుడు కొత్త విధానంలో వాడికి అదీ లేదు. మధురవాడలో రెండు గదుల ఫ్లాటు కోసం ఇరవై ఏళ్ల ఈఎంఐ కట్టేవాణ్ణీ, బీచ్‌లో ఆదివారం ఇల్లు కొన్న నన్నూ ఒకే తాడుతో కట్టేశారు మీరు.

ఆడిటరు: సూత్రం ప్రకారం వాడికీ వడ్డీ తగ్గింపు రాదు, నేను దాటవెయ్యను. కానీ తలదాచుకోడానికి సాయం చెయ్యటం సర్కారు బాధ్యతే. అలాంటప్పుడు అది ఖర్చు పద్దులో రాసి, ఎవరికి ఎంత ఇస్తున్నారో కనబడేలా ఇవ్వాలి. దానికి దారి ఇప్పటికే ఉంది. 2024లో మొదలైన పట్టణ ప్రధానమంత్రి ఆవాస్ యోజన రెండో దశలో వడ్డీ రాయితీ పెట్టారు. కుటుంబ ఆదాయం ఏడాదికి 9 లక్షల లోపు ఉండాలి, దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు ఉండకూడదు. అప్పు 25 లక్షలు దాటకూడదు, ఇంటి విలువ 35 లక్షలు దాటకూడదు. అప్పులో తొలి 8 లక్షల మీద 4 శాతం లెక్కన 1,80,000 దాకా అయిదు వాయిదాల్లో అప్పు ఖాతాలోనే పడుతుంది. పన్ను కట్టనివాడికీ వస్తుంది, స్లాబుతో పని లేదు. నీలాంటి వాడికి రాదు.

ఇంజినీరు: 35 లక్షలా! విశాఖలో ఆ ధరకి ఇల్లు చూపించండి బావగారూ, ఈ రోజే మా జూనియర్లని తీసుకొచ్చి మీ ఆఫీసు ముందు వరసగా నిలబెడతాను.

ఆడిటరు: ఆ హద్దు ఈ ఊరికి చాలదు, అందులో నీ పక్షమే నేను. ఊరికో ధర ఉన్నప్పుడు దేశమంతా ఒకే అంకె పెట్టటం తప్పు. దాన్ని పెంచమని అర్జీ రాయి, సంతకం పెడతాను. భీమిలి ఫ్లాటు వడ్డీ కాగితాలు మాత్రం ఆ అర్జీకి జతచెయ్యకు.